పెద్దలు కుదిర్చిన రాజీ మూడుసార్లు చెడింది, నాలుగోసారి నిలవాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒడిశాలోని గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డు పల్లె. మీ మేనమామ కొడుకులిద్దరూ భాగాలు పంచుకున్నారు. అన్నకు 3 ఎకరాలు, తమ్ముడికి 2 ఎకరాలు. తమ్ముడి చేలోకి బండి వెళ్లాలంటే అన్న చేను దాటాలి. కాలవ నీరు కూడా అన్న మడులు తడిశాకే కిందికి దిగుతుంది. వీటికి తోడు, రెండేళ్ల కిందట తమ్ముడు అన్న దగ్గర ప్రోనోటు రాసి తీసుకున్న 1,80,000 రూపాయలు తీరలేదు. ఊరి పెద్దలు మూడుసార్లు కూర్చుని రాజీ కాగితం రాయించారు. ఒక్కటీ ఒక పంటకాలం నిలవలేదు. ఇప్పుడు ఇద్దరూ మిమ్మల్నే మధ్యవర్తిగా కూర్చోమంటున్నారు.

మూడుసార్లూ జరిగింది మధ్యవర్తిత్వం కాదు, తీర్పు. పెద్దలు ఇద్దరి మాటా విన్నారు, తమకు న్యాయమనిపించింది చెప్పారు, నలుగురి ముందు కాదనలేక ఇద్దరూ సంతకం పెట్టారు. అలా పెట్టిన సంతకం ఆ నలుగురూ ఇళ్లకు వెళ్లేదాకే నిలుస్తుంది. తాము ఆలోచించి ఒప్పుకున్న షరతును మనుషులు కష్టమైనా నిలబెట్టుకుంటారు. ఎదుటివాళ్లు తలకెత్తిన షరతులో మొదటి వారం నుంచే సందులు వెతుకుతారు. కాబట్టి మీరు పెట్టుకోవలసిన మొదటి నియమం, ఎవరు అడిగినా “నువ్వే చెప్పరా, నీ మాటే మాకు వేదం” అన్నా, ఫలానాది న్యాయమని మీ నోటితో చెప్పకపోవడం. ప్రశ్నలు అడగండి, లెక్కలు వేసి చూపించండి, ఒకరు చెప్పింది రెండోవారికి అర్థమయ్యేలా చేయండి. నిర్ణయం మాత్రం వాళ్ల నోటి నుంచే రావాలి.

రాజీ నిలబడేదీ చెడేదీ ఎక్కువగా అందరూ కలిసి కూర్చునే రోజుకు ముందూ తర్వాతా జరిగే పనిలోనే. మనవాళ్లు ఆ ఒక్క రోజుకే ఇచ్చే ప్రాధాన్యం ఈ రెండింటికీ ఇవ్వరు.

ముందు, ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోండి. సంతకం పెట్టేది అన్నదమ్ములైనా ఆ ఇళ్లలో నిర్ణయం వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. వదినగారు కావచ్చు, ఆంధ్రలోని పాతపట్నం నుంచి ఫోన్లో సలహాలిచ్చే బావమరిది కావచ్చు, విశాఖలో ఉద్యోగం చేస్తూ డబ్బు పంపే కొడుకు కావచ్చు. వాళ్లను బయట ఉంచి కుదిర్చిన రాజీ ఆ రాత్రి ఇంట్లోనే చెడుతుంది. చేను కౌలుకిచ్చి ఉంటే కౌలుదారును కూడా పిలవాలి. బాట వల్ల నలిగేది అతని పైరే.

అక్కచెల్లెళ్ల మాట మీరు రాయలేదు. ఉంటే వాళ్లను వదిలేయకండి. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లో ఉన్న హిందూ వారసత్వ సవరణ చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది అడ్డు కాదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ సరిహద్దు కుటుంబాల్లో ఇక్కడ తరచూ పొరపాటు పడతారు. ఆంధ్రలో 1985 నాటి నుంచి, మహారాష్ట్రలో 1994 నుంచి రాష్ట్ర సవరణలు ఉండేవి, ఒడిశాలో అలాంటిది లేదు. అందుకని “మన ఒడిశాలో ఆడపిల్లలకు లేదు” అన్న మాట ఇంకా వినిపిస్తుంది. అది చెల్లదు. భాగాల కాగితం ఎప్పుడు రాశారు, రిజిస్టరు అయిందా, అందులో అక్కచెల్లెళ్ల సంతకాలున్నాయా అన్నవి చూడకుండా బాట గురించి రాజీ కుదిర్చితే, రేపు వాళ్లు అడిగిన రోజున అంతా మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఊరి పంచాయితీలో అసలు జరగనిదీ ఇదే. ఒకే వారంలో ఇద్దరినీ కలవండి, ఇద్దరికీ ఇంచుమించు ఒకే సమయం ఇవ్వండి. ఒకరింట భోంచేసి మరొకరింట మంచినీళ్లతో లేచి రావద్దు. ఊళ్లో ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటి గంటలో పరిష్కారం గురించి ఎత్తకండి, పూర్తిగా వినండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. “అవును, అదే నా బాధ” అన్నాకే ముందుకు వెళ్లండి. చివర్లో ఒక మాట తప్పక అడగాలి: “ఇందులో అన్నకు చెప్పగలిగినవి ఏవి, చెప్పకూడనివి ఏవి?” చెప్పకూడదన్నది నోరు దాటితే మీరు ఆ క్షణంలోనే మధ్యవర్తిగా పనికిరాకుండా పోతారు. పొరపాటున జారినా అంతే.

విడిగా కూర్చున్నప్పుడు బయటపడేది, పైకి అడిగేదాని వెనక ఉన్న అసలు అవసరం. తమ్ముడు “12 అడుగుల బాట కావాలి” అంటాడు. ఎందుకని అడిగితే ఎరువు బస్తాలు, ధాన్యం బస్తాలు ట్రాక్టరు మీద కళ్లానికి చేర్చాలని, కోత మిషను దిగాలని చెబుతాడు. అన్న “అడుగు కూడా ఇవ్వను” అంటాడు. ఎందుకని అడిగితే వానాకాలంలో ట్రాక్టరు గట్టు తెంపి నారుమడి పాడుచేసిందని, అడక్కుండా తోలాడని, ఫలానా పెళ్లిలో తనను పలకరించలేదని వస్తుంది. ఇప్పుడు మీ ముందున్నది 12 అడుగులా సున్నా అడుగులా అన్న పట్టుదల కాదు. ఒకరికి ఏడాదిలో కొన్ని రోజులు బండి వెళ్లాలి. మరొకరికి గట్టు చెడకూడదు, తనను అడిగి వెళ్లాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

పెద్దలు తరచూ చేసే “చెరి సగం” తీర్పు ఇక్కడే తప్పుతుంది. 12కీ సున్నాకీ మధ్య 6 అడుగులని రాశారనుకోండి. ట్రాక్టరు ట్రక్కు 6 అడుగుల బాటలో పోదు, చక్రం గట్టెక్కుతుంది, మళ్లీ గొడవ. అన్న భూమి పోయింది, తమ్ముడి అవసరం తీరలేదు. ట్రాక్టరుకు 8 నుంచి 10 అడుగులు చాలు. పెద్ద కోత మిషను ముందు భాగం 14 అడుగుల దాకా ఉంటుంది, దానికోసం ఏడాది పొడవునా బాట ఉంచనక్కర్లేదు. అన్న చేను ముందు కోసి, ఆ కోసిన చేలోంచే మిషను తమ్ముడి చేలోకి దిగితే సరిపోతుంది. ఇద్దరూ ఒకే మిషను ఒకే రోజు పెట్టుకుంటే మిషనువాడూ బేరానికి వస్తాడు.

లెక్క వేసి చూపించండి, కోపం చాలావరకు అక్కడే తగ్గుతుంది. బాట పొడవు 300 అడుగులనుకుంటే, 10 అడుగుల వెడల్పుకు 3,000 చదరపు అడుగులు. ఒడిశా రికార్డుల్లో రాసే డిసిమిల్, ఆంధ్రలో మనం అనే సెంటు ఒకటే, ఎకరంలో నూరోవంతు, 435.6 చదరపు అడుగులు. అంటే ఈ గొడవంతా 7 డిసిమిల్‌కు కాస్త తక్కువ నేల గురించి. “నా చేను తినేస్తున్నాడు” అన్న మాట దగ్గర ఆగిన మనిషికి 7 డిసిమిల్ అన్న అంకె కనబడితే బేరం మొదలవుతుంది. దానికి బదులు తమ్ముడి చేను అంచున అంతే నేల ఇవ్వడమా, వెల కట్టి అప్పులో తగ్గించుకోవడమా, నేల అన్నదే ఉంచి దారి హక్కు మాత్రం ఇవ్వడమా? మూడు దారులూ వాళ్ల ముందు పెట్టి ఆగండి. మీకు ఏది బాగుందో చెప్పకండి.

మూడు తగువులు కలిసి ఉండటం భారంగా కనిపించినా అది మీకు మేలే. బాట ఒక్కటే అయితే ఇచ్చేవాడు అన్నే, పుచ్చుకునేవాడు తమ్ముడే. అప్పు ఒక్కటే అయితే దానికి తిరగబడి ఉంటుంది. అన్నీ ఒకే చాప మీద పెడితే ఇద్దరి చేతిలోనూ ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటుంది. అందుకే ఒక్కో తగువునూ విడివిడిగా తేల్చి సంతకాలు పెట్టించవద్దు. అన్నీ కుదిరాకే ఏదైనా కుదిరినట్టని మొదట్లోనే చెప్పండి.

కలిసి కూర్చునే ముందు కాగితాలు, కొలతలు చేతిలో ఉండాలి. తహసీలు రికార్డులోని పట్టా నకలు, ఖాతా నంబరు, ప్లాటు నంబర్లు, గ్రామ పటం, శిస్తు రసీదులు. భూలేఖ్ వెబ్‌సైటులో పట్టా వివరాలు చూసుకోవచ్చు. తెలుగులో ఉన్న పాత కాగితాలకీ ఒడియాలో ఉన్న ఇప్పటి రికార్డుకీ పేర్లు, నంబర్లు సరిపోతున్నాయో లేదో సరిచూడండి. గట్టు ఎక్కడుందన్నదే తగువైతే అమీనుతో, అంటే భూమి కొలిచే సర్వేయరుతో, ఇద్దరి ఎదుటా కొలిపించి రాళ్లు పాతించాలి. కొలత కాకుండా మాటలకు కూర్చుంటే, మూడు గంటలు వాదించాక చివరికి తేలేది కొలవాలనే.

కూర్చునే చోటు ఇద్దరిదీ కాకూడదు. ఎవరి అరుగూ వద్దు, ఒక వీధి వాళ్ల గుడీ వద్దు. ఆదివారం బడి వరండా మంచిది. పొద్దున పూట కూర్చోండి. సాయంత్రమైతే సారా వాసన మాటల్లోకి వస్తుంది, చీకటి పడుతోందని తొందర మొదలవుతుంది. ఊడ్పుల వేళ, నూర్పుల వేళ వద్దు. నీళ్ల తగువును నీళ్లు లేక పైరు వాడుతున్న వారంలో తేల్చాలనుకోవద్దు, ఆ వారానికి తాత్కాలిక వంతు ఒకటి రాసుకుని అసలు మాటలు తర్వాత పెట్టుకోండి. జనం చేరకుండా చూసుకోవడం అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా అవసరం. చుట్టూ ఇరవై మంది నిలబడి ఉంటే ఏ మనిషీ మెట్టు దిగడు. ఒక్కో వైపు నుంచి ముగ్గురికి మించవద్దు. ఎదురెదురుగా కాకుండా ఇద్దరినీ ఒకే వైపు కూర్చోబెట్టి, ముందు పటం పరచండి. చూపు ఒకరి మొహం మీద కాక పటం మీద ఉంటే గొంతులు తగ్గుతాయి.

మొదట ఒకరు పావుగంట అడ్డం లేకుండా మాట్లాడాలి, తర్వాత రెండోవారు. మధ్యలో మాట అందుకుంటే మీరే ఆపాలి, మొదటిసారే ఆపాలి. తర్వాత కుదరదు. పాత విషయాలు తవ్వితే “అది విన్నాం, రాసుకున్నాం. వచ్చే పంటకు ఏం కావాలి?” అని ముందుకు తేవాలి. వేడెక్కితే విడిగా రెండు గదుల్లో కూర్చోబెట్టి మీరు అటూ ఇటూ తిరగండి. ఏకబిగిన మూడు గంటలు దాటించవద్దు. అలసిపోయి పెట్టిన సంతకమే మర్నాడు తిరగబడే సంతకం.

ఎవరైనా అసలు దిగనంటే, రాజీ కుదరకపోతే ఏమవుతుందో విడిగా, నెమ్మదిగా, బెదిరించినట్టు కాకుండా అడగండి. కోర్టుకు వెళ్తే వకీలుకు ఎంత, ఏళ్ల తరబడి వాయిదాలకు ఎన్ని పనిదినాలు, ఈలోగా బాట ఎలా? దారిని 20 ఏళ్లపాటు హక్కుగా, బాహాటంగా, ఆటంకం లేకుండా వాడుకుని ఉంటే ఆ దారి మీద హక్కు ఏర్పడుతుందని చట్టం చెబుతుంది. అది రుజువు చేసే భారం తమ్ముడిది, రుజువైతే నష్టం అన్నది. ఇద్దరికీ భయం ఉంది. ఎవరి భయం వాళ్లకు విడిగా చూపించాలి, ఒకరి ముందు ఒకరికి కాదు. కొట్లాటకు దారితీస్తే పోలీసు రిపోర్టు మీద మేజిస్ట్రేటు భూమి స్వాధీనం విషయంలో జోక్యం చేసుకోవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 145వ సెక్షను, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 164. అప్పుడు నిర్ణయం ఇద్దరి చేతుల్లోంచీ పోతుంది.

నీళ్ల విషయంలో ఎకరాల లెక్క కట్టండి. 24 గంటల నీటిని 3కు 2 చొప్పున పంచితే అన్నకు 14 గంటల 24 నిమిషాలు, తమ్ముడికి 9 గంటల 36 నిమిషాలు. 14, 10 అని సర్దుకోవచ్చు. కింది చేనుకు వచ్చేలోగా కాలవలో కొంత ఇంకిపోతుంది కాబట్టి ఆ 24 నిమిషాలు తమ్ముడికి చేరడంలో తప్పు లేదు. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది. రోజూ ఒకే గంటకు వంతు మారితే ఒకరికి ఎప్పుడూ రాత్రి నీళ్లే వస్తాయి. పాము భయంతో, నిద్ర చెడగొట్టుకుని అతనే గట్ల మీద తిరగాలి. వారానికోసారి వంతు మొదలయ్యే వేళను 12 గంటలు జరపండి. మదుం (కాలవ నీరు చేలోకి వదిలే చోటు) దగ్గర తూము సైజు, పలక ఎవరి దగ్గర ఉంటుంది, వానలకు ముందు పూడిక ఎవరు ఎన్ని అడుగులు తీయాలి అన్నవి కూడా తేలాలి. నీటి తగువులు వంతు దగ్గర కన్నా పూడిక దగ్గర ఎక్కువ చెడతాయి. పై చేనువాడికి పూడిక తీయాల్సిన అవసరమే కనిపించదు.

అప్పుకు వాయిదాలు క్యాలెండరు చూసి కాదు, ధాన్యం చూసి పెట్టాలి. “నెలకు 10,000” అని రాస్తే వ్యవసాయదారుడు రెండో నెలకే తప్పుతాడు. మండీలో ధాన్యం అమ్మిన డబ్బు ఎప్పుడు ఖాతాలో పడుతుందో చూసి దానికి రెండు వారాల తర్వాత తేదీ పెట్టండి. మొదటి వాయిదా చిన్నదైనా సంతకాల రోజే చెల్లించేలా చూడండి. ఎదుటివాడు నిజంగానే కడుతున్నాడన్న నమ్మకం అక్కడ మొదలవుతుంది. డబ్బు మీ చేతుల మీదుగా వెళ్లనివ్వవద్దు. బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో నేరుగా వెళ్తే రుజువు దానంతటదే ఉంటుంది. రాబోయే తేదీలు వేసిన చెక్కులు తీసుకుంటే ఒక సంగతి తెలిసుండాలి. చెక్కు తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు గడువు, ఆ గడువు దాటాక నెలలోపు ఫిర్యాదు. “సొంతవాడే కదా” అని ఆగితే ఈ దారి మూసుకుపోతుంది.

క్షమాపణ విషయంలో పెద్దలు చాలా చెరుపు చేస్తారు. అందరి ముందూ తమ్ముణ్ణి అన్న కాళ్లకు మొక్కించడం చూడ్డానికి ముగింపులా ఉంటుంది, మనసులో అది కొత్త తగువు. క్షమాపణ అవసరమైతే ఏ మాట అనాలో ముందే విడిగా మాట్లాడుకుని, ఇద్దరూ తమ వంతు అనేలా చూడండి. “అడక్కుండా బండి తోలడం తప్పే”, “నీ ఇంటి శుభకార్యానికి రాకపోవడం తప్పే”. ఈ రెండు మాటలు చాలు. బలవంతంగా మాత్రం వద్దు.

ఇక కాగితం. “అన్నదమ్ములు ఇకపై సఖ్యంగా మెలగవలెను, బాట విషయమై ఒకరికొకరు సహకరించుకొనవలెను” అని రాసిన కాగితం ఎందుకూ పనికిరాదు. సహకారమంటే ఏమిటో ఇద్దరికీ చెరో అర్థం. ప్రతి షరతులోనూ ఎవరు, ఏం, ఎంత, ఏ తేదీకి, రుజువేమిటి, తప్పితే ఏమిటి అన్నవి ఉండాలి. ఉదాహరణకు: “ప్లాటు నంబరు ఫలానా దక్షిణపు గట్టు వెంబడి 10 అడుగుల వెడల్పు, 300 అడుగుల పొడవున, జతచేసిన పటంలో ఎర్రగీతతో చూపిన బాటను తమ్ముడు ట్రాక్టరుకు, ఎడ్లబండికి వాడుకోవచ్చును. బండి తోలే ముందురోజు సాయంత్రంలోగా అన్నకు ఫోనుచేసి చెప్పాలి. గట్టు చెడితే 3 రోజుల్లో తమ్ముడు తన ఖర్చుతో కట్టించాలి. కట్టించకపోతే అన్న కట్టించి, కూలి రసీదు చూపి ఆ మొత్తం రాబట్టుకోవచ్చును.” ఇలా రాసినదానికి రెండర్థాలు తీయడం కష్టం.

ఊరి కాగితాల్లో తప్పక కనిపించే కొన్ని వాక్యాలు రాయకండి. “ఎవరూ కోర్టుకు పోరాదు, పోతే 50,000 జరిమానా” అన్నది చెల్లదు. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే షరతు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షను ప్రకారం రద్దు. జరిమానా ఎంత రాసినా, 74వ సెక్షను కింద కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. మాట తప్పినవాణ్ణి వెలివేస్తామనీ రాయకూడదు. మహారాష్ట్రలోనైతే సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ 2016 నాటి చట్టం ప్రత్యేకంగా ఉంది. ముందుగా ఇద్దరి దగ్గరా ధరావతు పుచ్చుకోవడం, ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకోవడం అసలే వద్దు. ఆ రెండూ జరిగిన చోట స్వేచ్ఛగా ఒప్పుకున్నామన్న మాటకు విలువ ఉండదు. మీరు సంతకం పెడితే సాక్షిగా పెట్టండి, తీర్పు చెప్పినవారిగా కాదు.

భాష గురించి మీ ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇద్దరూ మాట్లాడేది, చదివేది తెలుగు. తహసీలులో నడిచేది ఒడియా. తెలుగులో మాత్రమే రాస్తే ఆఫీసులో ఎవరూ చదవరు, ఒడియాలో మాత్రమే రాస్తే దేనిమీద సంతకం పెట్టామో వాళ్లకే తెలియదు. రెండు భాషల్లోనూ రాసి, తేడా వస్తే ఏది ప్రమాణమో ఒక వాక్యంలో చెప్పండి. చదవడం రానివాళ్లకు మొత్తం చదివి వినిపించినట్టు, చదివినవారి సంతకంతో రాయండి. కౌలుదారు సవరవారో కొందువారో అయితే వాళ్ల భాషలో చెప్పే మనిషి ఏ పక్షానికీ పనివాడో బాకీదారో కాకుండా చూడండి. స్టాంపు కాగితం భూమి ఉన్న రాష్ట్రంలోనే కొనండి. పాతపట్నంలో దొరికిందని తెచ్చి ఒడిశా భూమికి వాడితే తర్వాత స్టాంపు సుంకం దగ్గర పేచీ వస్తుంది.

నేల చేతులు మారే షరతు ఉంటే కాగితం సరిపోదు. భూమి బదిలీ, మార్పిడి 100 రూపాయల విలువ దాటితే రిజిస్ట్రేషను తప్పనిసరి. ఇదివరకే జరిగిపోయిన కుటుంబ ఏర్పాటును జ్ఞాపకార్థం రాసుకునే కాగితానికి మాత్రమే మినహాయింపు. మరొకటి, గుణుపురం ఉన్న రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషను ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల పేర మారడం చెల్లదు. బాటలో ఒక్క చెక్క గిరిజన కుటుంబం పట్టాలో ఉన్నా దాన్ని మీ ఒప్పందంలో కలపకండి. వాళ్లు ఒప్పుకున్నా చెల్లదు, మీ మిగతా కాగితానికీ చెరుపు.

కాగితానికి కోర్టు బలం కావాలంటే సులువైన దారి లోక్ అదాలత్. దావా వేయకముందే న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు దగ్గర్లో గుణుపురం తాలూకా కమిటీ, పైన రాయగడ జిల్లా సంస్థ, ఉచిత ఫోను నంబరు 15100. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇచ్చే అవార్డు, అంటే తీర్పు కాగితం, 1987 న్యాయసేవల చట్టం 21వ సెక్షను ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు లేదు. ఎవరైనా తప్పితే కొత్తగా దావా వేయకుండా నేరుగా అమలుకు వెళ్లవచ్చు. కుటుంబం భూమి కొంత ఒడిశాలో, కొంత ఆంధ్రలో ఉండి దావా దాకా వెళ్తే, ఏదో ఒక ముక్క ఉన్న చోటి కోర్టులో వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడు 17వ సెక్షను వీలిస్తుంది. 2023 మధ్యవర్తిత్వ చట్టం మాట వినే ఉంటారు. దాన్ని నమ్ముకుని నడిచే ముందు వకీలును అడగండి. 2023 అక్టోబరు 9న అమల్లోకి తెచ్చినవి అందులోని కొన్ని సెక్షన్లే. పైగా ఆ చట్టంలోని సామాజిక మధ్యవర్తిత్వం, అంటే ముగ్గురు మధ్యవర్తులు ఊళ్లోనో వాడలోనో కూర్చుని కుదిర్చే రాజీ, కోర్టు డిక్రీలా అమలు చేయించుకునేది కాదని ఆ చట్టమే చెబుతోంది.

మీరు కూర్చోకూడని తగువులూ ఉన్నాయి. ఒకరు రెండోవారికి భయపడి నోరు విప్పలేని చోట, ఇంట్లో ఆడవాళ్లను కొట్టిన చోట, పిల్లలపై అఘాయిత్యం జరిగిన చోట పెద్దమనుషుల రాజీ అన్యాయం. అక్కడ కావలసింది పోలీసు, న్యాయసేవల సంస్థ. మీ బంధువులిద్దరిలో ఒకరికి మీరు బాకీ ఉన్నా, ఒకరి చేను మీరే చేస్తున్నా, ముందే ఇద్దరికీ చెప్పండి. చెప్పాక కూడా ఇద్దరూ కావాలంటేనే కూర్చోండి.

సంతకాలయ్యాక మీ పని సగమే అయింది. 15 రోజులయ్యాక ఒకసారి, నెలన్నరయ్యాక ఒకసారి చేనుకు వెళ్లి చూసి రండి. తర్వాత నీళ్లు వదిలిన మొదటి వారం, కోత మిషను దిగే రోజు. తప్పు జరిగితే పెద్దలను పిలవకుండా ముందు ఇద్దరితోనూ విడిగా మాట్లాడండి. చాలావరకు అది మోసం కాదు, రాసినప్పుడు ఎవరికీ తోచని చిక్కు. ట్రాక్టరు డ్రైవరు కొత్తవాడై ఫోను చేయలేదని తేలుతుంది. అప్పుడు ఆ ఒక్క షరతును సరిచేసి ఇద్దరి సంతకాలతో కింద చేర్చండి. మొత్తం కాగితాన్ని తిరగదోడనివ్వద్దు.

అన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే ఆ ప్రోనోటు మీద తేదీ చూడండి. అప్పు దావాకు గడువు 3 ఏళ్లు, మాటలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు. రెండేళ్లు గడిచాయని మీరే రాశారు. గడువు దగ్గర పడితే అన్న దావా వేయక తప్పదనుకుంటాడు, నోటీసు అందిన రోజున తమ్ముడు మాటలకు రాడు. గడువు తీరకముందే బాకీ ఒప్పుకుంటూ తమ్ముడు ఒక కాగితం మీద తేదీతో సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. దానికి బదులుగా, మాటలు తేలేదాకా బాట మూయనని అన్న చేత రాయించండి. మొదటిసారి కలిసి కూర్చునే ముందే ఈ రెండు కాగితాలూ చేతిలో ఉంటే, మిగతాదానికి ఇద్దరికీ తొందర ఉండదు.